మిర్యాలగూడ పొగ మాల్దీవుల దాకా పోతదా?

డిసెంబర్ల మిర్యాలగూడ దిక్కు పొద్దుగాల బండి మీద పోతుంటే, కొయ్యకాళ్లు కాలబెట్టిన పొగ మడి మీద దుప్పటి పరిచినట్టు ఉంటది, పైకి లేవదు. రాత్రి నేల తొందరగా చల్లబడి దానికానుకున్న గాలి కూడా చల్లగై బరువుగా కిందనే ఉంటది, పైన వెచ్చటి గాలి మూత లెక్క కూసుంటది. ఎండెక్కినంక నేల కాగి ఆ మూత లేస్తది, పొగ మాయం. "గాలికి పోయింది తియ్‌రా" అంటడు మా పెద్దనాయన. పోయింది సరే, యాడికి పోయింది?

చలికాలం మనకు ఈశాన్యం గాలి. అంటే ఆ పొగ పాలమూరు మీదికెల్లి, కర్ణాటక దాటి, అరేబియా సముద్రం దిక్కు పోవాలె, తొవ్వల బండ్ల పొగ, కట్టెల పొయ్యిల పొగ, ఫ్యాక్టరీల పొగ అన్నీ కలుస్తయి. 1999 జనవరి నుంచి మార్చి దాకా ఇండోఎక్స్ (హిందూ మహాసముద్ర ప్రయోగం) అని పెద్ద ప్రయోగం చేసిన్రు, ముందుండి నడిపింది ఇద్దరు శాస్త్రవేత్తలు, వీరభద్రన్ రామనాథన్, నోబెల్ వచ్చిన పాల్ క్రుట్జెన్. విమానాలు, ఓడలు వేసుకొని హిందూ మహాసముద్రం మీద తిరిగిన్రు, మాల్దీవుల్ల కాశిధూ అనే చిన్న దీవిల మిషన్లు పెట్టిన్రు. చూస్తే నడి సముద్రం మీద గోధుమరంగు మసక, దాంట్ల మసి, సల్ఫేటు (గంధకం పొగతోని అయ్యే సన్నటి నుసి), ఎత్తు దగ్గరదగ్గర 3 కిలోమీటర్లు! నీళ్ల మీద పడే ఎండ 10 శాతం దాకా తగ్గిందట. భూమధ్యరేఖ దాటినంక రెండు దిక్కుల గాలులు గుద్దుకొని పైకి లేచి వాన పడే కాడ ఆ మసక చాలామటుకు కడిగేసుకపోతది.

పసిఫిక్ మహాసముద్రం కథ వేరే. మిల్లుల ఎలివేటర్ చూసే ఉంటరు, డబ్బాలు కింది వడ్లను తోడి పైన పోస్తయి. చైనా తీరం కాడ ఎండాకాలం మొదట్ల వచ్చే తుపాన్లు అదే పని చేస్తయి, చల్లగాలి కింద దూరి వెచ్చటి తడిగాలిని పైకి ఎత్తుతది, ఒకట్రెండు రోజుల్ల పొగ, దుమ్ము అన్నీ జెట్ స్ట్రీమ్‌ల (చాలా ఎత్తుల పడమటి నుంచి తూర్పుకు జోరుగా పారే గాలి) పడతయి, ఇగ వారం అటిటు అమెరికా. 1998 ఏప్రిల్‌ల గోబీ దిక్కు ఎడారి దుమ్ము అట్లనే అమెరికా పడమటి తీరం చేరింది. నన్నడిగితే పొగ ఎంతుందన్నది తర్వాత, ఎంత ఎత్తు ఎక్కిందో అదే అసలు లెక్క. ఎత్తేటప్పుడే వాన మసిని కొంత కడుగుతది గని పొగల ఉండే కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్ నీళ్లల్ల పెద్దగ కరగదు, నెలా రెండు నెలలు గాలిలనే ఉంటది, అందుకే ఏ పొగ ఎటు పోతుందో శాటిలైట్లు దాన్ని పట్టుకొనే చెప్తయి.

ఇదంతా చెప్తే పెద్దనాయన "మరి మన మీదికి ఎవరిది వస్తదిరా?" అన్నడు. జూన్‌ల గాలి తిరుగుతది గదా, అరబ్బు ఎడారుల దుమ్ము సముద్రం మీదికెల్లి ఇటే బయలెల్తది.