ప్రశ్న అడిగాక ఆ మూడు సెకన్లు

కొత్తగా లెక్చరర్‌గా చేరిన ఒక పాఠకురాలు రాశారు: "పాఠం బాగానే చెప్తున్నాననుకుంటాను. కానీ ప్రశ్న వేస్తే ఎవరూ నోరు విప్పరు, చివరికి జవాబు కూడా నేనే చెప్పుకుంటున్నాను. ఏం చేయాలి?" బోర్డు మీద ఎలా రాయాలి, గొంతు ఎంత పెంచాలి లాంటివి ఎవరైనా చెప్తారు, అవి వదిలేద్దాం. నేను అడిగేది ఒక్కటే: జవాబు చెప్పేసే ముందు మీరు ఎంతసేపు ఆగుతున్నారు?

1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు క్లాసుల టేపులు ముందేసుకుని సరిగ్గా దీన్నే కొలిచారు. టీచరు ప్రశ్న ముగించాక ఆగేది సగటున ఒక్క సెకను! ఆలోపు జవాబు రాకపోతే ఇంకో ప్రశ్నో, ఇంకో పిల్లవాడి పేరో వచ్చేస్తుంది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు కొన్ని రెట్లు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడారు, పిల్లలు తిరిగి ప్రశ్నలు వేశారు. పైసా ఖర్చు లేదు.

మరి ఎందుకు ఆగలేం? నాకు భలే నచ్చే భాగం ఇదే. 2009లో 10 భాషల్లో మామూలు సంభాషణలను కొలిచారు. అవును-కాదు ప్రశ్న పూర్తయ్యాక ఎదుటివారు అందుకోవడానికి పట్టే సమయం సగటున 200 మిల్లీసెకన్ల (సెకనులో ఐదో వంతు) దగ్గర తేలింది. కానీ ఒక బొమ్మ చూసి దాని పేరు పైకి అనడానికే 600 మిల్లీసెకన్ల దాకా పడుతుందని ప్రయోగశాల లెక్క. అంటే కబుర్లలో మన జవాబు ఎదుటివారి వాక్యం అవకముందే తయారవుతోందన్నమాట. టీచరు చెవి కూడా ఈ లెక్కకే అలవాటుపడింది, దానికి ఒక సెకనంటే ఐదు రెట్ల ఆలస్యం, మూడు సెకన్లంటే పదిహేను రెట్లు. అందుకే ఆ నిశ్శబ్దంలో అంత టెన్షన్. విద్యార్థి బుర్రలో మాత్రం జరుగుతున్నది కబుర్లు కాదు: ప్రశ్న అర్థం చేసుకోవాలి, జ్ఞాపకంలో వెతకాలి, దొరికిన ముక్కల్ని వాక్యంగా పేర్చాలి, తప్పయితే అందరూ నవ్వుతారేమో లెక్కేసుకోవాలి. ఇదంతా ఒక్క సెకనులో తెమిలేది కాదు. పైగా మీరు మధ్యలో కంగారుపడి అదే ప్రశ్నని వేరే మాటల్లో అడిగారనుకోండి, సగం దూరం వెళ్ళినవాణ్ణి వెనక్కి పిలిచినట్టే, మళ్ళీ మొదటి నుంచీ బయల్దేరాలి.

ఆ వెతుకులాటే చదువు కూడా. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగంలో కొందరు ఒక పాఠ్యభాగాన్ని రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి: వాళ్ళకి 81 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకి 75 శాతం. వారం తర్వాత అదే తలకిందులైంది: చదివినవాళ్ళకి 42, రాసినవాళ్ళకి 56. వెతికినా దొరకని సందర్భంలో కూడా, ఆ తర్వాత చెప్పే సరైన జవాబు మరింత బాగా నిలుస్తుందని 2009 నాటి మరో అధ్యయనం చూపింది. కాబట్టి "అర్థమైందా?" అని అడిగి, తలలు ఊగగానే ముందుకెళ్ళడం వల్ల ఏ లాభమూ లేదు, అక్కడ ఎవరూ దేన్నీ వెతకలేదు.

ఇక చేయాల్సింది. ప్రశ్న ముందు, పేరు తర్వాత. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. మూడు దాకా మనసులో లెక్కపెట్టండి, ప్రశ్న కష్టమైతే ముందు కాగితం మీద రాయమనండి. తేదీలు, నిర్వచనాలు గుర్తుచేసే చిట్టి ప్రశ్నలకి ఇంత ఆగక్కర్లేదు, ఇరవై సెకన్లు గుచ్చి చూస్తూ నిలబడితే అది శిక్షే అవుతుంది. బాగా చదవరనుకునే పిల్లలకి టీచర్లు తెలీకుండానే ఇంకా తక్కువ సమయం ఇస్తారని కూడా రో గమనించారు, ఆ చివరి బెంచీ వైపు కాస్త ఎక్కువే ఆగండి.

రో రెండో విరామాన్నీ కొలిచారు, విద్యార్థి జవాబు చెప్పాక టీచరు ఆగే సమయం. మనం వెంటనే "గుడ్" అనో, చెప్పిందే తిరిగి చెప్పో దాన్ని మింగేస్తాం. ఆమె లెక్కలో పిల్లల మాటల మీద ఈ రెండోదాని ప్రభావమే ఎక్కువ. ఒక క్లాసు ఫోనులో రికార్డు చేసి రెండూ మీరే కొలిచి చూడండి.