లైటింగ్ అపోహలు - వాస్తవాలు: వాట్ల లెక్క తర్వాత, ముందు వెలుగు ఎక్కడ పడాలో చూద్దాం

ఇళ్లకీ, చీరల షోరూములకీ లైటింగ్ డిజైన్ చేయడం నా వృత్తి. తోలుబొమ్మల తోలుతో లాంప్‌షేడ్లు కూడా చేయిస్తుంటాను. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు మొదట అడిగేది "హాలుకి ఎన్ని లైట్లు, ఎన్ని వాట్లు?" అని. నాకు మాత్రం ముందు ఆ గోడలకి ఏ రంగు వేస్తున్నారో, సాయంత్రం ఇంట్లోవాళ్లు ఎక్కడ కూర్చుంటారో తెలియాలి.

అపోహ: ఎల్ఈడీ వెలుగులో జీవం ఉండదు, అందమంతా పాత బల్బుదే

పాత బల్బు వెలుగు అందమైనదే. కానీ ఎల్ఈడీ అంటే ఆసుపత్రి తెలుపే అనుకోవడం తప్పు. మనం వాడే చాలా ఎల్ఈడీ బల్బుల్లో నీలం చిప్, దాని మీద పసుపు ఫాస్ఫర్ (నీలం వెలుగుని పీల్చుకుని పసుపు వెలుగునిచ్చే పదార్థం) పూత ఉంటాయి. రెండూ కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఆ నీలం ఎల్ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ వచ్చింది. పూత మారితే వెలుగు ఛాయ మారుతుంది. ఆ ఛాయని కెల్విన్‌లలో చెబుతారు. 2700 కెల్విన్ అంటే పాత ఫిలమెంట్ బల్బు ఛాయ, 6500 అంటే నీలం కలిసిన తెలుపు. అడిగి కొనాల్సింది ఈ అంకెని చూసి.

కొత్త టెక్నాలజీ కళని చంపేస్తుందనే భయానికి నేను ఎప్పుడూ చెప్పే జవాబు జర్మన్ డిజైనర్ ఇంగో మౌరర్. 1984లో ఆయన గదికి అడ్డంగా సన్నని తీగలు లాగి, వాటి మీదే చిన్న చిన్న హాలోజెన్ దీపాలు అమర్చారు. కరెంటు 12 వోల్టులే కాబట్టి తీగలకి తొడుగు అక్కర్లేదు. ఇంజినీరింగ్ ఇచ్చిన ఆ వెసులుబాటే డిజైన్ అయింది. తర్వాత వచ్చిన ఎల్ఈడీనీ, పలచని పలకలా వెలిగే ఓఎల్ఈడీనీ ఆయన అంతే ఇష్టంగా చేతిలోకి తీసుకున్నారు.

అపోహ: వార్మ్ వైట్ కొంటే రంగులు బాగా కనిపిస్తాయి

నా పనిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. రెండు బల్బులూ 2700 కెల్విన్ వార్మ్ వైటే అయినా, ఒకదాని కింద ఎరుపు నిండుగా ఉంటుంది, రెండోదాని కింద ఇటుక రంగుకి దిగిపోతుంది. కారణం, వెలుగు ఛాయ వేరు, ఆ వెలుగులో ఏయే రంగులు ఎంతెంత ఉన్నాయన్నది వేరు. రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్‌ఐ. పెట్టె మీద సీఆర్‌ఐ 80 అని రాసుంటే చాలనుకుంటాం. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపు అందులో లేనే లేదు, దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తారు. పట్టుచీర కొనేటప్పుడు మన అమ్మలు దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుగులో చూస్తారు కదా, వాళ్లు చేస్తున్నది ఈ పరీక్షే.

శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఇప్పుడు లాంప్‌షేడ్లు కూడా చేస్తున్నారు. మేకతోలు మీద అద్దిన ఎరుపుని మనం చూసేది, వెలుగు తోలులోంచి బయటికి వచ్చినప్పుడు. వెలుగులో ఎరుపు తక్కువైతే కళాకారుడు ఎంత మంచి రంగు అద్దినా అది గోధుమ రంగులోకి వాడిపోతుంది. అందుకే ఆ దీపాల్లో సీఆర్‌ఐ 90 దాటి, ఆర్9 కూడా బాగున్న బల్బే పెట్టమని పట్టుబడతాను. ధర కొంచెం ఎక్కువే. ఆ ఎరుపు కోసం పెట్టొచ్చు.

అపోహ: ఎల్ఈడీ వేడెక్కదు

ఎల్ఈడీ వెలుగుతో పాటు వేడి పెద్దగా రాదు, నిజమే. ఫిలమెంట్ బల్బు తీసుకున్న కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోయేది. కానీ ఎల్ఈడీ చిప్ వెనక వేడి పుడుతుంది. గాలి ఆడని షేడ్‌లో బిగిస్తే ముందు పోయేది డ్రైవరే, అంటే చిప్‌కి సరిపడా కరెంటు అందించే సర్క్యూటే. పైనా కిందా గాలికి దారి వదలండి.

అపోహ: నీడలు లేకపోతేనే మంచి లైటింగ్

ఫాల్స్ సీలింగ్ నిండా ప్యానెల్ లైట్లు పెట్టిన హాలులో నీడ ఉండదు. దాంతో ముఖాల్లో లోతు, గోడ మీది చెక్కపనిలో ఎత్తుపల్లాలు కూడా పోతాయి. నీడ ఎంత పదునుగా ఉండాలో నిర్ణయించేది వెలుగు వచ్చే చోటి సైజు. చిన్న బిందువు లాంటి దీపం అంచుల్ని గీసినట్టు చూపిస్తుంది. వెడల్పాటి ప్యానెల్ ఆ అంచుల్ని చెరిపేస్తుంది. తెర వెనక ఆముదం దీపాలతో తోలుబొమ్మలాట ఆడించినవాళ్లు బొమ్మని తెరకి ఆనించి, దూరం జరిపి, ఈ సూత్రంతోనే ఆటని నడిపారు.

రంగుల విషయంలోనూ అంతే, కావాలని తగ్గించడం కూడా కళే. 2003లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో కళాకారుడు ఓలాఫర్ ఎలియాసన్ ఒక పెద్ద సూర్యుణ్ణి నిలబెట్టారు. వాడినవి ఒకే పసుపు వెలుగునిచ్చే దీపాలు. పైకప్పుకి అద్దాలు, హాలులో పలచని పొగమంచు. ఆ వెలుగులో మనుషులు పసుపు, నలుపు రంగుల్లోనే కనిపించారు. రంగులు మాయమవడమే అక్కడ అనుభవం.

అపోహ: డిమ్మర్ పెడితే పాత బల్బులాగే తగ్గుతుంది

డిమ్మర్ అంటే వెలుగుని తగ్గించే, పెంచే స్విచ్. దాంతో ఫిలమెంట్ తగ్గేకొద్దీ ఎర్రబడేది. మామూలు ఎల్ఈడీ తగ్గినా అదే ఛాయలో ఉండి, గది బూడిదగా కనిపిస్తుంది. ఆ ఎర్రదనం కావాలంటే 'డిమ్ టు వార్మ్' రకం తీసుకోవాలి. డిమ్మర్‌కి సరిపడని డ్రైవర్ అయితే వెలుగు అదురుతుంది, కొందరికి తలనొప్పి కూడా. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూడండి, వెలుగు గట్టిగా కొట్టుకుంటుంటే ఆ బల్బు వద్దు.

అపోహ: రంగులు మారే స్మార్ట్ లైట్ పెడితే డిజైన్ అయిపోయినట్టే

ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడే కలిపి చేసిన తెలుపులో మనిషి చర్మం బాగా కనిపించదు. పండగకి సరే, రోజూ భోజనం చేసే బల్ల మీద మాత్రం వద్దు.

అపోహ: ఇదంతా డబ్బున్నవాళ్ల వ్యవహారం

అమెరికన్ కళాకారుడు డాన్ ఫ్లావిన్ 1963 నుంచి దుకాణంలో దొరికే మామూలు ట్యూబ్‌లైట్లతోనే తన కళ నడిపారు. మన హాలుకి వస్తే, ప్యానెల్ లైట్లలో సగం తీసేయండి. మిగిలిన డబ్బుతో ఒక గోడ మీద పై నుంచి వాలే వెలుగు, కుర్చీ పక్కన చదువుకోవడానికి ఒక దీపం, మంచి ఆర్9 ఉన్న స్పాట్‌లైట్ ఒకటి మీకు ఇష్టమైన బొమ్మ మీదికి. అమ్మానాన్నలు కూర్చునే చోట మాత్రం వెలుగు తగ్గించొద్దు. అరవై దాటిన కంటి లోపలికి చేరే వెలుగు ఇరవై ఏళ్ల కంటికి చేరేదాంట్లో దాదాపు మూడో వంతే. స్విచ్‌లు విడివిడిగా పెట్టమని ఎలక్ట్రీషియన్‌కి గోడలు గాడి కొట్టకముందే చెప్పండి.