ఉరిశిక్ష: టీకొట్టు దగ్గరి మాట, కోర్టు హాల్లోని మాట

కడప కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా క్రిమినల్ కేసులు నడుపుతున్నాను, ఎక్కువగా ముద్దాయిల తరఫున. ఎక్కడైనా ఘోరం జరిగిందంటే చాలు, మర్నాడు ఏడు రోడ్ల దగ్గర టీ తాగుతుంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు: "ఏం సార్, వాన్ని ఉరి తీస్తారా, తీయరా?" వాళ్లకు చెప్పే జవాబులే ఇవి.

అపోహ: హత్య రుజువైతే ఉరే.

కాదు. పాత ఐపీసీ 302 సెక్షన్ అయినా, దాని బదులు 2024 జులై 1న అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103 అయినా యావజ్జీవమే మామూలు శిక్ష. ఉరి వేయాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి. 'అరుదైన వాటిలో అరుదైన' కేసుకే అని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. సెషన్స్ కోర్టు ఉరి వేసినా, హైకోర్టు ఖాయం చేసేదాకా అది అమలు కాదు. ముద్దాయి అప్పీలు వేయకపోయినా ఫైలు పైకి పోవాల్సిందే.

అపోహ: యావజ్జీవమంటే పద్నాలుగేళ్లు, తర్వాత ఇంటికే.

యావజ్జీవమంటే ప్రాణం ఉన్నంతవరకు. ఇలాంటి కేసుల్లో పద్నాలుగేళ్లకు ముందు ప్రభుత్వం వదలకూడదని చట్టం హద్దు పెట్టింది, అంతే. అవి నిండగానే వదిలేయాలని లేదు. గవర్నరు కనికరించినా, అది సరిగ్గా లేకుంటే కోర్టు కొట్టేయొచ్చు. యావజ్జీవం కేసు కాదు గానీ, కర్నూలు జిల్లాకు చెందిన ఒకరికి గవర్నరు 2005లో మిగిలిన శిక్ష మాఫీ చేస్తే, హతుడి కొడుకు సుప్రీంకోర్టుకు పోయాడు. 2006లో ఆ మాఫీ కొట్టేశారు.

అపోహ: సుప్రీంకోర్టు దాకా పోయిన కేసులో తప్పు జరగదు.

మహారాష్ట్రలో ఒక కేసు. 2009లో ఆరుగురికీ ఉరేనని సుప్రీంకోర్టు తేల్చింది. 2019లో అదే సుప్రీంకోర్టు, నేరం రుజువు కాలేదని ఆరుగురినీ వదిలేసింది. మధ్యలో తాడు లాగేసి ఉంటే ఆ రెండో తీర్పు ఎవరికి చదివి వినిపించేవాళ్లు? నేను ఉరికి వ్యతిరేకినని దాచుకోను. అందుకు మొదటి కారణం ఇదే.

అపోహ: ఉరి భయముంటే మన సీమలో నరుక్కోవడం ఆగుతుంది.

2019లో దిశ బిల్లు అసెంబ్లీలో పాసైన రోజు కోర్టు వరండాలో ఇదే మాట. ఇరవై ఒక్క పనిదినాల్లో తీర్పు, అత్యాచారానికి ఉరి అన్నారు. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టమే కాలేదు. సరే, అయ్యిందే అనుకుందాం. వేటకొడవలి పట్టినోడు ఏ సెక్షన్‌కు ఎంత శిక్షో చూసుకుని పట్టడు. వాడు వేసే లెక్క ఒకటే: సాక్ష్యం చెప్పేదెవరు?

కొన్నేళ్ల కిందటి మాట. "నా కొడుకును నరికినోళ్లను నడిబజార్లో ఉరి తీయండి" అని స్టేషన్ ముందు పొర్లాడి ఏడ్చిన తల్లి మూడేళ్లకు బోనెక్కింది. పీపీ (ప్రభుత్వ వకీలు) గారు కవరు విప్పి ఒక చెప్పుల జత చూపించారు, ఎం.ఓ. 4, అంటే కేసులో సాక్ష్యంగా పెట్టిన నాలుగో వస్తువు. "ఇవి మీవాడివేనామ్మా?" ఎడమ చెప్పు వారు ఒకసారి తెగితే నల్లదారంతో కుట్టించి ఉంది. ఆమె ఆ కుట్టు వైపే చూస్తా ఉండిపోయింది. చివరకు "నాకు తెలీదు సార్" అంది. హాస్టైల్, అంటే సాక్షి అడ్డం తిరిగినట్టు. ఊర్లో ఆమెకు ఇంకో కొడుకున్నాడు. వాని కోసం పెద్దమనుషులు రాజీ చేశారు. నా క్లయింట్లు బయటపడ్డారు. ఫీజులో బాకీ కూడా ఆ సాయంత్రమే ముట్టింది. ఆ కేసులో ఉరిశిక్ష ఉంటే ఏం, లేకుంటే ఏం?

అపోహ: ఉరి వద్దనేవాళ్లకు బాధితుల గోడు పట్టదు.

దీన్ని పూర్తిగా అపోహ అనలేను. ముద్దాయిని వదిలేస్తే అప్పీలు వేసే హక్కు 2009 నుంచి బాధితులకూ ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే పరిహారం అడగొచ్చు. ఈ రెండు మాటలూ ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. అవతలి పక్షం వకీలునైన నేనూ చెప్పలేదు.

తీర్పు రోజు అందరూ పోయాక వరండాలో నా దగ్గరికొచ్చింది. "సామీ, ఆ చెప్పులు నాకిస్తారా?"

అప్పీలు గడువు తీరేదాకా ఇవ్వరమ్మా అన్నాను. తీర్పు కాపీ చేతిలోనే ఉంది. గడువు తీరాక ఎం.ఓ.లన్నీ ధ్వంసం చేయాలని చివరి పేరాలో రాసుంది.