వైజాగ్‌లో సూర్యుడు సముద్రంలో మునగడు: జంటల వేసవి ట్రిప్‌పై అపోహలు – వాస్తవాలు

జంటలకి ట్రిప్ ప్లాన్లు వేసిచ్చే ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక హైదరాబాద్ జంటకి వైజాగ్ ట్రిప్ వేసిచ్చాను. పెళ్లయ్యాక వాళ్లకది మొదటి వేసవి. ప్లాన్ కాగితంలో "సాయంత్రం 6 గంటలకు రుషికొండలో సముద్రంపై సూర్యాస్తమయం" అని నా చేత్తో నేనే రాశాను. ఆరుంబావుకి ఆయన ఫోన్ చేశారు. "ఏమండీ, సముద్రం ఇటుంది, సూర్యుడేమో మా వెనకాల కొండల్లోకి పోతున్నాడు. మేమేమైనా తప్పు బీచ్‌కి వచ్చామా?" పక్కన ఆవిడ నవ్వుతోంది కాబట్టి బతికిపోయాను. పుట్టి పెరిగిన ఊరి గురించి అంత తప్పు ఎలా రాశానంటే, ఎవరిదో గోవా ప్యాకేజీ కాగితం చూసి ఊళ్ల పేర్లు మార్చాను. అంతే.

అప్పట్నుంచి జంటలు నమ్మకంగా చెప్పే మాటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. వాటిలోంచి కొన్ని ఇవి. వైజాగ్–భీమిలి తీరం గురించే ఎక్కువ ఉంటుంది, నేను రోజూ తిరిగేది అక్కడే.

అపోహ: బీచ్ అంటే సాయంత్రమే

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి వెళ్లిపోతాడు. మే నెలలో వైజాగ్‌లో ఐదున్నరకి కాస్త ముందే తెల్లారిపోతుంది కాబట్టి ఐదింటికల్లా ఇసుక మీద ఉండాలి. "సెలవుల్లో కూడా అలారమా?" అని మొహం మాడ్చుకుంటారు. మూడు రోజుల ట్రిప్‌లో ఒక్క రోజు లేవమంటాను, అంతకంటే బలవంతపెట్టను. ఆ టైంకి ఆర్కే బీచ్‌లో నడకకి వచ్చినవాళ్లు తప్ప సందడి ఉండదు, గాలి మెత్తగా ఉంటుంది, ఫొటోలకి వెలుతురు కూడా అప్పుడే బావుంటుంది.

సాయంత్రమే కావాలంటే పౌర్ణమి చూసుకోండి. పౌర్ణమి నాడు ఇటు సూర్యుడు దిగే వేళకి అటు సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. మొదట రాగి పళ్లెంలా ఎర్రగా ఉండి, పైకొచ్చేకొద్దీ తెల్లబడతాడు. వైశాఖ పౌర్ణమి వేసవి సెలవుల్లోనే వస్తుంది. మర్నాటి నుంచి చంద్రోదయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. నన్నడిగితే పడమటి తీరంలో సూర్యాస్తమయం కంటే ఇదే అందం. సొంత ఊరి పక్షపాతం అనుకున్నా సరే.

సూర్యుడు నీళ్లలో మునగడమే చూడాలని పట్టుబడితే గోకర్ణ, వర్కల, గోవా ఉన్నాయి. అక్కడ ఇంకో చిక్కు. రుతుపవనాలు కేరళని మామూలుగా జూన్ 1 ప్రాంతంలో తాకుతాయి, ఆ ముందు నుంచే అరేబియా సముద్రం మొండికేస్తుంది. గోవాలో ఇసుక మీద వేసే తాత్కాలిక తిండి పాకలు (షాక్‌లు అంటారు) మే నెలాఖరుకి విప్పేస్తారు. మే ఆఖరి వారం రూమ్ చవగ్గా దొరికిందని సంబరపడే ముందు, ఎందుకు చవగ్గా ఇస్తున్నారో అడగండి.

అపోహ: సముద్రం పక్కన చల్లగా ఉంటుంది

హైదరాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి వచ్చేవాళ్లందరిదీ ఇదే నమ్మకం. అక్కడ 42, ఇక్కడ 35 అని ఫోన్‌లో చూసి స్వెట్టర్ ఒక్కటే తక్కువగా సర్దుకొస్తారు. ఇక్కడి సమస్య వేడి కాదు, ఉక్క. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే 35 డిగ్రీల వైజాగ్ కొందరికి 40 డిగ్రీల హైదరాబాద్ కంటే కష్టంగా అనిపిస్తుంది.

మనల్ని కాపాడేది సముద్రపు గాలి. నేల తొందరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. మామూలు రోజుల్లో ఇది మధ్యాహ్నానికి ముందే మొదలవుతుంది. మే నెలలో కొన్ని రోజులు పడమటి వడగాలి బలంగా వీచి దాన్ని ఒడ్డు దాటనివ్వదు. అలాంటప్పుడు మచిలీపట్నం, కాకినాడ లాంటి తీరపు ఊళ్లు కూడా 42 దాటేస్తాయి. వాతావరణ శాఖ వడగాలుల హెచ్చరిక ఇచ్చిన రోజున సముద్రం పక్కనున్నా గదిలోనే ఉండటం మేలు.

కాబట్టి నేను ముందు ప్లాన్‌లో గంటలు రాస్తాను, ఊళ్లు తర్వాత. పొద్దున 5 నుంచి 8 వరకు బయట. 11 నుంచి 4 వరకు గది, లేదా పైకప్పున్న చోటు: మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్, దానికెదురుగా ఉన్న టీయూ–142 విమానం, మ్యూజియాలు. నాలుగున్నర తర్వాత మళ్లీ బయటికి. ఎర్రమట్టి దిబ్బలకి మిట్టమధ్యాహ్నం వెళ్లిన జంటలు వాటిని చూడరు, నీడ కోసం చూస్తారు. ఒక్క చెట్టు కింద పదిమంది నిలబడి ఉంటారు. భీమిలి వైపు ఇసుకలో నల్లటి ఖనిజాలు కలిసి ఉంటాయి, అది మరీ చురుక్కుమంటుంది. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే సీను మధ్యాహ్నం పెట్టుకోకండి.

అన్నట్టు, కొబ్బరినూనె సన్‌స్క్రీన్ కాదు. నిజమైన సన్‌స్క్రీన్ రాసుకున్నా చెమటకీ నీళ్లకీ పోతుంది కాబట్టి రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మగవాళ్లకి ఈ మాట చెప్తే సిగ్గుపడతారు. మూడో రోజు మెడ వెనక తోలు ఊడుతున్నప్పుడు సిగ్గుండదు.

అపోహ: మోకాళ్ల లోతులో ఏమవుతుంది?

ఇది మాత్రం తీరిగ్గా చదవండి.

వైజాగ్ తీరం చాలాచోట్ల ఉన్నట్టుండి లోతైపోతుంది. ఆర్కే బీచ్‌లో నీళ్ల కింద రాళ్లు కూడా ఉన్నాయి. మోకాళ్ల లోతులో నిలబడ్డ మనిషికి వెనక్కి వెళ్లే అల కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. పడ్డాక లేచేలోపు రెండో అల వస్తుంది. ఆవిడ చీరలోనో, చున్నీతోనో, ఆయన జీన్స్‌లోనో ఉంటే తడిసిన బట్ట బరువుకి లేవడం ఇంకా కష్టం.

అంతకంటే ప్రమాదం రిప్ కరెంట్. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఎక్కడో ఒకచోట సన్నని దారి చేసుకుని వేగంగా సముద్రంలోకి తిరిగి వెళ్తాయి. ఆ దారిలో అలలు సరిగా విరగవు, ఒడ్డు నుంచి చూస్తే రెండు వైపులా నురగ, మధ్యలో ప్రశాంతంగా కనిపిస్తుంది. "ఇక్కడ అలల్లేవు, ఇక్కడ దిగుదాం" అని జంటలు ఎంచుకునేది సరిగ్గా ఆ చోటునే! ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ దారి దాటాక ఒడ్డుకి రావాలి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తాలి. ఒకరు కొట్టుకుపోతుంటే రెండోవాళ్లు వెంటనే దూకేస్తారు, జంటల విషయంలో ఇదే పెద్ద భయం. దూకొద్దు. తేలే వస్తువేదైనా విసరండి, లైఫ్‌గార్డుని పిలవండి.

దిగాలనుంటే లైఫ్‌గార్డులు ఉన్న చోటే దిగండి. నా ఓటు రుషికొండకి, అదీ పగలు, వాళ్లు గుర్తుపెట్టిన హద్దుల్లో. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్ అది. గుర్తింపు వచ్చింది కదా అని అలలు మెత్తబడవు. యారాడ అందమైనదే, కానీ అది కూర్చుని చూసే బీచ్. బాపట్ల సూర్యలంక, చీరాల దగ్గర రామాపురం హైదరాబాద్ వాళ్లకి దగ్గర. అక్కడ ప్రమాదాలు జరిగినప్పుడల్లా పోలీసులు తీరం మూసేస్తుంటారు, బయల్దేరే ముందు రిసార్ట్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంకో మాట. గాలి, వాన లేకపోయినా, ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణించి ఏప్రిల్, మే నెలల్లో మన తీరాల మీద విరుచుకుపడుతుంటాయి. కేరళలో దీన్ని కల్లకడల్ అంటారు, దొంగ సముద్రం అని అర్థం. వీటి హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రమే లేని మన హైదరాబాద్‌లో, ప్రగతినగర్ దగ్గర. దాని హెచ్చరిక ఉన్న రోజు సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ దిగకండి. ఏ రోజూ దిగొద్దనే నా అభిప్రాయం.

అపోహ: తీరానికి వెళ్తే అప్పుడే పట్టిన చేపలు

వేసవిలో కాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ విరామం. హార్బర్‌లో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి, మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ, బోట్లకి రంగులు వేసుకుంటూ కనిపిస్తారు. మోటారు లేని సంప్రదాయ పడవలకి నిషేధం లేదు కాబట్టి కాస్తో కూస్తో చేప వస్తుంది, దాని ధర మాత్రం చుక్కల్లో ఉంటుంది. హోటల్లో "ఈరోజు పట్టిన వంజరం" అంటే ఓ నవ్వు నవ్వి రొయ్యలు ఆర్డర్ చెయ్యండి. రొయ్యలు, పండుగప్ప చెరువుల్లో పెంచేవి, వాటికి నిషేధంతో పని లేదు. భీమిలిలో ఎండుచేపలు కొనుక్కోవచ్చు, రైల్లో పక్కసీటు వాళ్లతో గొడవకి సిద్ధమైతే.

దానికి బదులు వేసవి ఇచ్చేవి తినండి. తాటి ముంజలు, మా ఉత్తరాంధ్ర సువర్ణరేఖ మామిడి, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్.

అపోహ: జంటకి రూమ్ ఇవ్వాలంటే పెళ్లి సర్టిఫికెట్ కావాలి

అలాంటి చట్టం లేదు. ఇద్దరూ మేజర్లై, ఇద్దరి దగ్గరా ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉంటే చాలు. కొన్ని హోటళ్లు సొంత నియమాలు పెట్టుకుంటాయి, స్థానికులకైతే రూమ్ ఇవ్వబోమంటాయి, బుక్ చేసే ముందే అడిగితే అర్ధరాత్రి రిసెప్షన్‌లో తగువు ఉండదు. కొత్త పెళ్లికూతుళ్లు తరచుగా అడిగేది వేరు: "నా ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉందండీ, ఏమైనా అంటారా?" ఏమీ అనరమ్మా. కార్డు మీదే అయితే చాలు.

అపోహ: నాలుగు నెలల ముందు బుక్ చేస్తే అన్నీ చవక

రైలు టికెట్ నాలుగు నెలల ముందు దొరకనే దొరకదు. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది. సికింద్రాబాద్–విశాఖ రైళ్లకి వేసవిలో ఆ అరవయ్యో రోజు పొద్దున్నే కూర్చోవాలి.

గదుల ధర కోసం నేను హోటల్ యాప్ కంటే ముందు పంచాంగం తీస్తాను. నవ్వకండి. మంచి ముహూర్తాలున్న రోజుల్లో పెళ్లిబృందాలు హోటళ్లకి హోటళ్లే తీసేసుకుంటాయి. మూఢమో, అధిక మాసమో వచ్చిందంటే పెళ్లిళ్లు ఉండవు, అదే గది బేరానికి వస్తుంది. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం, అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే. ఆ రెండు మూడు రోజులు ఊళ్లో ఖాళీ గది వెతకడం వృథా. ఇక ఆషాఢం వస్తే అమ్మాయిని పుట్టింటికి పంపించే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి, అందుకే కొత్త జంటలందరూ జ్యేష్ఠం ముగిసేలోపే తిరిగి రావాలని ఒకేసారి ఎగబడతారు. పట్టింపు లేనివాళ్లు ఆషాఢంలోనే వెళ్లండి.

అపోహ: సీ వ్యూ అంటే సీ వ్యూ

బాల్కనీ చివర నిలబడి మెడ సాచితే రెండు భవనాల మధ్య నీలం గీత కనిపిస్తే దాన్నీ సీ వ్యూ అంటారు. గది నంబర్‌తో సహా ఫొటో అడగండి. వైజాగ్‌లో సముద్రం వైపు గది అంటే తూర్పు లేదా ఆగ్నేయం, మే నెలలో ఐదున్నరకే ఎండ మంచం మీదికి వస్తుంది. దళసరి కర్టెన్లు ఉన్నాయా లేదా అన్నది ఆ గదిలో సముద్రం కంటే ముఖ్యం. ఎండ వెనక్కి తిరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత అదే బాల్కనీ నీడలో ఉంటుంది, డబ్బు పెట్టినందుకు ఫలితం అప్పుడు. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, బాత్‌రూమ్‌లో మంచినీళ్లా ఉప్పునీళ్లా, ఈ రెండూ కూడా అడగండి. చిన్న బీచ్ రిసార్టుల్లో సబ్బు నురగ రాక తలపట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

చిన్నాచితకా

తుఫాన్లు అక్టోబర్ నుంచే అనుకుంటారు. హుద్‌హుద్ 2014 అక్టోబర్‌లో వచ్చింది కాబట్టి మా ఊరివాళ్లకీ అదే గుర్తు. లైలా 2010 మేలో బాపట్ల దగ్గర తీరం దాటింది, ఫణి 2019 మే 3న పూరీ దగ్గర. మే బుకింగ్‌కి రద్దు చేసుకునే వీలు ఉండాలి.

మే నెలలో అరకులో పసుపు పూల తోటలు ఉండవు. అవి వలిసె పూలు, చలికాలం మొదట్లో పూస్తాయి.

డ్రోన్ ఇంట్లో పెట్టి రండి. ఇది నేవీ ఊరు, అనుమతి లేకుండా ఎగరేస్తే హనీమూన్ స్టేషన్‌లో జరుగుతుంది.

మొన్న ఒకాయన రెండు రోజుల్లో భీమిలి, అరకు, బొర్రా, సింహాచలం, వీలైతే అన్నవరం కూడా పెట్టమన్నారు. నేను లెక్క వేస్తుంటే వెనక నుంచి ఆవిడ గొంతు: "నాకు నిద్ర కావాలని ఆయనకి మీరైనా చెప్పండి." అన్నవరం తీసేసి ఆ చోట "మధ్యాహ్నం 1 నుంచి 4: నిద్ర" అని రాసి పంపాను. ఇంకా ఆయన నుంచి జవాబు రాలేదు. అడ్వాన్స్ మాత్రం ఆవిడ ఫోన్ నుంచి వచ్చింది.