ఓరుగల్లులో పుస్తకం: అచ్చయితే సరే, చేరేదెట్లా?

2024 డిసెంబరులో తపాలా శాఖ, పుస్తకాలను చవగ్గా పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్టు సేవను చెప్పాపెట్టకుండా ఆపేసింది. కొరియర్ కంపెనీలతో ఒప్పందాలున్న పెద్ద ప్రచురణ సంస్థలకు దీనివల్ల పెద్దగా తేడా పడలేదు. దెబ్బ తిన్నది హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల లాంటి చోట్ల సొంత డబ్బుతో ఐదువందల కాపీలు వేసుకుని, అడిగినవాళ్లకు ఒక్కొక్కటిగా పంపుకునే రచయితలు. వంద రూపాయల కవితా సంపుటిని స్పీడ్ పోస్టులో పంపాలంటే ఆ ఖర్చే పుస్తకం ధరలో సగం దాటుతోంది. ఈ తిప్పలు నిన్నమొన్నటివి కావు. మన వైపు రాసేవాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు. కిందా మీదా పడి అచ్చు కూడా వేసుకున్నారు. పాఠకుడి ఇంటిదాకా పోయే దారే ఏ కాలంలోనూ సరిగ్గా పడలేదు.

తెలుగు అచ్చు 18వ శతాబ్దం నడుమ జర్మనీలోని హాలేలో క్రైస్తవ మత పుస్తకాలతో మొదలై, బెంగాల్లోని శ్రీరాంపూర్ మీదుగా మద్రాసులో స్థిరపడింది. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అక్కడ ముద్రణాలయం పెట్టారు. ఆ వైపు ప్రెస్సులకు బడి పుస్తకాలు పెద్ద ఆసరా. నిజాం రాజ్యంలో ఆ ఆసరా లేదు. సర్కారు కచేరీల్లో మొదట ఫారసీ, 1880ల నుంచి ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయమూ ఉర్దూ మాధ్యమంలోనే మొదలైంది. తెలుగు చదివితే సర్కారు కొలువు రాదు కాబట్టి తెలుగు పాఠ్యపుస్తకానికి గిరాకీ లేదు. గిరాకీ లేని చోట తెలుగు ప్రెస్సు పెట్టి ఏ వ్యాపారీ బతకలేడు.

అందుకే ఇక్కడ ముందు గ్రంథాలయాలు వచ్చాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం. చదివేవాళ్లను తయారుచేసుకుంటే పుస్తకం తర్వాత వస్తుందని వాళ్లు నమ్మారు. ఆ నమ్మకం వమ్ము కాలేదు గానీ, ఫలం చేతికి రావడానికి రెండు తరాలు పట్టింది.

ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇనుగుర్తి. కేసముద్రం దగ్గరి పల్లెటూరు, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రం. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అన్నదమ్ములు 1922లో ఆ ఊళ్లో సొంత ప్రెస్సు మీద ‘తెనుగు’ వారపత్రిక నడిపారు. అంతకుముందే విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాల పేరుతో పుస్తకాలు తెచ్చారు. రాసేదీ వాళ్లే, అక్షరాలు కూర్చేదీ వాళ్లే. హైదరాబాదు నగరంలోనే తెలుగు ప్రెస్సులు అరుదైన రోజుల్లో ఒక పల్లె నుంచి వారంవారం పత్రిక వచ్చిందంటే, దాని వెనక ఎంత మొండితనం ఉండాలో ఊహించుకోండి. ఇప్పుడు ఆ పత్రిక సంచికలన్నీ వరుసగా ఒక్కచోట చూద్దామంటే దొరకవు. మనం సిగ్గుపడాల్సిన విషయమిది.

అచ్చులో కనపడకపోతే లేనట్టే లెక్క. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. వాళ్లలో చాలామంది రాసింది అంతదాకా కాగితాల కట్టల్లోనే ఉంది.

మరి అచ్చయినదాన్ని జనంలోకి తీసుకెళ్లేదెవరు? ఆ పని వట్టికోట ఆళ్వారుస్వామి భుజాన వేసుకున్నారు. 1938లో సికిందరాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, వేసిన పుస్తకాలను గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ప్రచురణకర్త, పంపిణీదారు, దుకాణదారు ముగ్గురూ ఒకే మనిషి. 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ఇంకో తోవ పట్టింది. ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు పెట్టి తెలుగు పుస్తకానికి పాఠకులను పెంచింది. 1944లో వరంగల్లులో పరిషత్తు సభల పందిరిని తగలబెట్టినా సభలు ఆగలేదు.

నిజాం పాలన పోయాక పాములపర్తి సదాశివరావు, పి.వి. నరసింహారావు వరంగల్లు నుంచి ‘కాకతీయ’ పత్రిక నడిపారు. ఆ తర్వాత పెద్ద మలుపు ‘సృజన’ సాహిత్య పత్రిక. 1966 నవంబరులో సాహితీమిత్రుల పేరుతో మొదలై 1992 దాకా సాగింది. కొన్ని సంచికలను ప్రభుత్వం నిషేధించింది. దాన్ని నడిపిన విప్లవ కవి వరవరరావు జైలుపాలైన కాలంలో సంపాదకురాలిగా ఆయన భార్య హేమలత పేరు ఉండేది. అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం పత్రిక మీద ప్రెస్సు పేరు, ఊరి పేరు వేయాల్సి ఉండేది. కాబట్టి ఏదైనా జరిగితే పోలీసులు సంపాదకుడితోపాటు ప్రెస్సు యజమాని తలుపూ తట్టేవాళ్లు. ఆ భయం తెలిసీ అచ్చేసి ఇచ్చిన చిన్న ప్రెస్సులవాళ్ల పేర్లు మన సాహిత్య చరిత్రల్లో ఎక్కడా కనపడవు.

ఆ ప్రెస్సుల్లో పని ఎట్లా జరిగేదో తెలిస్తేనే పాత పుస్తకాలు ఎందుకు మాయమయ్యాయో అర్థమవుతుంది. అక్షరాలు కూర్చే కంపోజిటర్ ఎడమచేతిలో స్టిక్ అనే చిన్న పళ్లెం పట్టుకుని, కేసు అనే గళ్ల పెట్టెలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తిరగేసి కూర్చాలి. తెలుగులో గుణింతాలు, వత్తులు కలిపి వందల రకాల సీసపు ముక్కలు కావాలి. సన్నటి వత్తులు తొందరగా అరిగిపోయేవి, విరిగేవి. చిన్న ప్రెస్సు దగ్గర ఎనిమిదో పదహారో పేజీలకు సరిపడా టైపే ఉంటుంది. ఒకేసారి అచ్చయ్యే ఆ పేజీల ఫారం ప్రూఫు దిద్ది, కాలితో తొక్కే ట్రెడిల్ యంత్రం మీద కొట్టాక, అక్షరాలన్నీ విడదీసి మళ్లీ కేసుల్లో పోస్తేగాని తర్వాతి ఫారానికి టైపు ఉండదు. అంటే పుస్తకం పూర్తయ్యేసరికి దాని మొదటి పేజీ సీసంలో ఎక్కడా మిగలదు. రెండో ముద్రణ కావాలంటే మొత్తం మళ్లీ కూర్చాలి. సొంత డబ్బుతో వేసుకున్న రచయితకు అది అయ్యే పని కాదు. అందుకే మన దగ్గర చాలా పుస్తకాలు తొలి ముద్రణతోనే ఆగిపోయాయి.

1990లలో కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే డీటీపీ, దాంతోపాటు ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాయి. సీసం బాధ తప్పింది, వేసుకోవడం తేలికైంది. తెలంగాణ ఉద్యమ కాలంలో కవిత్వం, కథలు, పాటలు, మాండలిక నిఘంటువులు పోటెత్తాయి. కరీంనగర్ జిల్లా నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ ఆ ఊపులోదే. కానీ ఈ పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను లాంటి ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. అవి ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. పైగా చాలాసార్లు ఆ ఫైలు రచయిత దగ్గర ఉండదు. డీటీపీ సెంటర్ సిస్టమ్‌లో ఉంటుంది, హార్డ్ డిస్క్ పోయిన రోజు దాంతోపాటే పోతుంది. సీసం కాలపు నష్టమే మరో రూపంలో తిరిగొచ్చింది.

ఇప్పుడు పాఠకులు ఫోన్లో ఉన్నారు. ప్రతిలిపి యాప్‌లో సీరియళ్లు చదివేవాళ్లున్నారు, ఫేస్‌బుక్‌లో ముఖచిత్రం చూసి ఫోన్‌పే కొట్టి తెప్పించుకునేవాళ్లున్నారు. గల్ఫ్‌కు పోయిన సిరిసిల్ల, నిజామాబాద్ పిల్లలకు మన ఊరి కథ అందాలంటే ఇదొక్కటే దారి. దాంతోపాటే రచయితకు పైసా రాని పీడీఎఫ్‌లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. కొత్త పుస్తకాన్ని అట్లా పంచడం తప్పే. అసలు దొరకని పాత పుస్తకం సంగతి వేరు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి. 1953లో పోయిన సురవరం, 1961లో పోయిన వట్టికోట తమ జీవితకాలంలో ప్రచురించినవి ఇప్పుడు ఎవరైనా వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పెట్టవచ్చు. 2002లో పోయిన కాళోజీ రచనలకు మాత్రం 2062 దాకా వారసుల అనుమతి కావాలి.

గ్రంథాలయాల మాటకొస్తే, ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. ఆ డబ్బు స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ కాదన్నది పాత ఫిర్యాదు. రీడింగ్ హాళ్లు పోటీ పరీక్షల పిల్లలతో నిండి ఉంటున్నాయి. అది మంచిదే, వాళ్లకు చోటు కావాలి. కానీ జిల్లా రచయితల పుస్తకాలను ఏటా కొన్ని కాపీలైనా కొని ప్రతి శాఖకూ పంపితే, పోస్టు చేయలేని రచయితకు అంతకంటే పెద్ద సాయం లేదు. ఆ లోపు రచయితలు తమ చేతిలో ఉన్న పనైనా చేసుకోవాలి. డీటీపీ బిల్లు కట్టేటప్పుడే దిద్దుకోవడానికి వీలైన ఓపెన్ ఫైలు అడిగి తీసుకోవాలి, యూనికోడ్‌లోకి మార్పించుకుని రెండుమూడు చోట్ల దాచుకోవాలి. ఇప్పుడు కన్వర్టర్లు ఉన్నాయి. వత్తుల తప్పులు దిద్దుకోవడానికి కొన్ని సాయంత్రాలు కూర్చుంటే చాలు.