షుగర్ బిళ్ల వేసుకుంటే విశ్వాసం లేనట్టా?

ఆదివారం ఆరాధన ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటుంటే ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గిస్తారు. “అయ్యగారూ, దేవుని మీదే ఆధారపడాలంటే బిళ్లలు మానేయాలా?” గుంటూరులో సంఘ కాపరినైనప్పటి నుంచీ ఈ ప్రశ్న వినని నెల లేదు. మొన్న అడిగిన చెల్లెమ్మ షుగర్ మందు మానేసి అప్పటికే పంతొమ్మిది రోజులు. మిరపకాయల తొడిమలు తీసే పని ఆమెది. కాలి బొటనవేలి మీద పుండు, దాని మీద పసుపు. మాత్ర మింగిన ప్రతిసారీ విశ్వాసం ఒక మెట్టు దిగుతుందని ఉపవాస కూటంలో ఎవరో చెప్పారట.

అపోహ: మందు మానడమే దేవుని మీద ఆధారపడటం.

వాస్తవం: జబ్బుపడిన యూదా రాజు హిజ్కియా కన్నీళ్లు చూసి 15 ఏళ్ల ఆయుష్షు పెంచిన దేవుడే, అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతిని కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, తోటివాడైన త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటారా? అందులోనూ గుంటూరు వాళ్లం అనవలసిన మాట కాదిది. 1883లో ఇక్కడికి వచ్చిన మిషనరీ అన్నా కుగ్లర్ డాక్టరు. ఆమె కట్టించిన ఆస్పత్రిలో పుట్టినవాళ్లు మన సంఘాల్లో ఎంతమందో! మందు మాని దేవుణ్ణి పరీక్షించమంటున్నారు సరే, దేవాలయ శిఖరం మీద నుంచి దూకి చూడమని యేసుకు అలాంటి సలహా ఇచ్చింది సాతాను అని గుర్తుందా?

కొండమీది ప్రసంగంలో యేసు “ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు” అన్నచోట దీనుడికి గ్రీకులో ఉన్న మాట ప్తోఖోస్. ఏ పూటకాపూట కూలి తెచ్చుకునే పేదవాడు కాదు, చేయి చాపితే తప్ప పూట గడవనివాడు. అలాంటివాడు పెట్టే చెయ్యి ఎవరిదని బేరమాడడు. ప్రార్థన ద్వారా అయితే పుచ్చుకుంటాను, డాక్టరు ద్వారా అయితే వద్దు అనేవాడిలో దీనత్వం ఎక్కడుంది?

ఇది చెప్పే అర్హత నాకూ ఆలస్యంగానే వచ్చింది. ఆరేళ్లు నా బీపీ మాత్రలు బైబిలు కవరు జిప్పు అరలో దాచుకున్నాను. ఒక ఆదివారం రెండో కొరింథీ 12వ అధ్యాయం తీస్తుంటే ఆ మాత్రల అట్ట జారి ముందు వరుస చాప మీద పడింది. మిర్చి యార్డులో హమాలీగా చేసిన పెద్దాయన దాన్ని తీసి, తిప్పి చూసి, “మా ఇంట్లోనూ ఇదేనయ్యా, పొద్దున వేసుకునేది” అన్నాడు గట్టిగా. అందరూ నవ్వారు. “నా కృప నీకు చాలును” అన్న వచనం ఆ రోజు సరిగా చదవలేకపోయాను. నేను ఆరేళ్లు కాపాడింది నా పరువును. తరువాతి వారం నలుగురు తమ మందుల చీటీలు తెచ్చి చూపించారు.

మిగతా అపోహలకు ఇంత ఓపిక లేదు. కానుక ఎంత పెద్దదైతే దీవెన అంత అనేవారు రెండు కాసులు వేసిన విధవరాలి కథ మళ్లీ చదవండి, ఆమె ఇంటికి ధనం వచ్చిందని ఎక్కడా లేదు. ప్రార్థన నూనె సీసాకు వెల కట్టేవారికి అపొస్తలుల కార్యములు 8లో దేవుని వరాన్ని డబ్బుతో కొనబోయిన సీమోనుకు పేతురు పెట్టిన చీవాట్లు చాలు. కష్టం వచ్చిందంటే పాపం ఉన్నట్టే అనేవారికి యోహాను 9 చాలు, పుట్టుగుడ్డివాడి గుడ్డితనం అతని పాపం వల్లా, అతని తల్లిదండ్రుల పాపం వల్లా కాదన్నాడు యేసు.

ఆ చెల్లెమ్మను నేనూ నా భార్యా కొత్తపేటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. డాక్టరు కేకలేశాడు, పడ్డాం. తిరిగి వస్తూ ఆటోలో, “దేవుడికి కోపం రాదుగా అయ్యగారూ?” అంది. అన్నం ముందు స్తోత్రం చెబుతావు కదమ్మా, దీనికీ చెప్పు అన్నాను. సీసాలో నీళ్లు పట్టుకుని, కళ్లు మూసుకుని, మందుల దుకాణం కవరు ఒళ్లో పెట్టుకుని చాలాసేపే ప్రార్థించింది. పుండు ఇంకా మానలేదు. రోజు విడిచి రోజు కట్టు మార్పించుకుంటోంది.