ప్రతి డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బర్గ్ ఫిలిప్ కాదు: ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ గురించి అపోహలు - వాస్తవాలు

బ్రిటిష్ కాలం నాటి రికార్డులు చదవడంలో రీసెర్చ్ స్కాలర్లకు సాయం చేయడం నా పని. అందులో నాకు పదే పదే ఎదురయ్యే పొరపాటు ఒకటుంది. పాత గెజిట్‌లోనో, శిలాఫలకం మీదో "డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బర్గ్" అని కనబడితే చాలు, ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ అని రాసేస్తారు. ఈ మధ్య ఒక థీసిస్‌లో మళ్లీ అదే చూశాను. ఇక రాయక తప్పదనిపించింది.

అపోహ: డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బర్గ్ అంటే ఫిలిప్.

వాస్తవం: 19వ శతాబ్దపు కాగితాల్లో ఆ పేరు విక్టోరియా రాణి రెండో కొడుకు ఆల్‌ఫ్రెడ్‌ది. 1844 ఆగస్టు 6న విండ్సర్‌లో పుట్టాడు, 1900 జూలై 30న పోయాడు. ఫిలిప్ పుట్టిందే 1921లో.

పొరబడటం సహజమేనని నేనూ ఒప్పుకుంటాను. ఇద్దరూ నౌకాదళం వాళ్లే. ఇద్దరి కథలోనూ గ్రీస్ ఉంది. పైగా 1983లో ఫిలిప్ రాణితో కలిసి హైదరాబాద్ వచ్చి బొల్లారం చర్చిలో ప్రార్థన చేసి వెళ్లాడు కాబట్టి మన వాళ్లకు తెలిసిన ముఖం ఆయనదే. కానీ కాగితం మీద తేదీ ఉంటే ఇందులో సందేహానికి తావు లేదు. 1866 మే 24కి ముందు కాగితాల్లో ఆయన ఉట్టి "ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్". ఆ రోజున బిరుదు వచ్చింది, అక్కడి నుంచి "డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బర్గ్". 1893 ఆగస్టులో పెదనాన్న ఎర్నెస్ట్ చనిపోయి జర్మనీలోని సాక్స్-కోబర్గ్-గోథా సంస్థానం ఈయనకు దక్కాక, ఎక్కువగా ఆ పేరుతోనే కనిపిస్తాడు. 1900 నుంచి 1947 వరకు డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బర్గ్ బిరుదు ఎవరికీ లేదు. 1947లో పెళ్లప్పుడు ఫిలిప్‌కు ఇచ్చారు. ఈ నాలుగు తేదీలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

కొన్నేళ్ల కింద ఒకమ్మాయి రైల్వేల చరిత్ర మీద పనిచేస్తూ నా దగ్గరికి వచ్చింది. 1870 మార్చి 7న జబల్పూర్ దగ్గర కలకత్తా, బొంబాయి రైలు మార్గాలు కలిసినప్పుడు వైస్రాయ్ లార్డ్ మేయో పక్కన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బర్గ్ ఉన్నాడని రికార్డులో చూసింది. ఫుట్‌నోట్‌లో ఫిలిప్ జీవిత విశేషాలు పెట్టింది, ఎదురు పేజీలో ఫిలిప్ ఫొటో కూడా. పరీక్షకులు అది పట్టుకుని, మిగతా అధ్యాయాన్ని కూడా ఎంతవరకు నమ్మొచ్చని అడిగారు. నిజానికి చాలా మంచి అధ్యాయం అది. సరుకు రవాణా లెక్కలన్నీ తనే తవ్వి తీసింది. ఒక్క ఫుట్‌నోట్‌తో మొత్తం అనుమానంలో పడింది. ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని, "సార్, మళ్లీ మొదటి నుంచి రాయాలా?" అని ఏడ్చేసింది. అక్కర్లేదమ్మా, మనిషిని మారిస్తే చాలన్నాను. సరిదిద్దాం, డిగ్రీ వచ్చింది. ఇలాంటి టెన్షన్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: అది మీ తెలివితక్కువతనం కాదు. నెట్‌లో ఆ పేరు కొడితే ముందు ఫిలిపే వస్తాడు. సంవత్సరం జోడించి వెతకండి.

నాకు చిరాకంతా వాట్సాప్‌లో తిరిగే ముక్కల మీదే. ఆ మెసేజ్‌లు తయారుచేసేవాళ్లు ఒక్క తేదీ కూడా సరిచూడరు. "మన దేశానికి వచ్చిన మొదటి బ్రిటిష్ రాకుమారుడు 1875లో వేల్స్ యువరాజు" అనేది వాటిలో ఒకటి, పోటీ పరీక్షల నోట్సుల్లోకి కూడా ఎక్కేసింది. కాదు. అంతకు ఆరేళ్ల ముందే, 1869 డిసెంబరులో, తమ్ముడు ఆల్‌ఫ్రెడ్ తను కెప్టెన్‌గా ఉన్న గలాటియా నౌకలో కలకత్తాలో దిగాడు. మరుసటి ఏడాది బొంబాయిలో సెయిలర్స్ హోమ్‌కు శంకుస్థాపన చేశాడు. ఇప్పుడు అందులో మహారాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం ఉంది.

సిడ్నీలో కాల్చి చంపేశారని ఇంకొకటి. కాల్చిన మాట నిజం. 1868 మార్చి 12న క్లాంటార్ఫ్‌లో విందు జరుగుతుండగా ఓఫారెల్ అనేవాడు వెనక నుంచి కాల్చాడు. తూటా వెన్నెముక పక్కన దిగింది. డాక్టర్లు దాన్ని తీసేశారు, ఆయన కోలుకున్నాడు. నెల తిరిగాక ఓఫారెల్‌ను ఉరి తీశారు. రాకుమారుడు బతికినందుకు జనం చందాలు వేసుకుని కట్టిన ఆసుపత్రే నేటి రాయల్ ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ హాస్పిటల్.

రాణిగారి కొడుకు కాబట్టి ఊరికే యూనిఫాం వేసుకున్నాడని అనేవాళ్లకు సగం నిజమే తెలుసు. 21 ఏళ్లకే కెప్టెన్ కావడంలో పుట్టుక సాయం ఉంది, కాదనను. కానీ పద్నాలుగో ఏట పరీక్ష రాసి మిడ్‌షిప్‌మన్‌గా, అంటే శిక్షణలో ఉండే చిన్న అధికారిగా చేరాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా అదే కొలువు. 1886 నుంచి మూడేళ్లు మధ్యధరా నౌకాదళాన్ని నడిపాడు, 1893లో నౌకాదళంలో అత్యున్నత హోదా అయిన అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ అయ్యాడు. ఇది అలంకారానికి చేసిన ఉద్యోగం కాదు.

గ్రీస్ సింహాసనాన్ని ఆయన కాలదన్నాడనే మాటా తప్పే. 1862 చివర్లో గ్రీకులు 2,30,016 ఓట్లతో ఆయన్ని ఎన్నుకున్నారు. కానీ పెద్ద రాజ్యాల రాజకుటుంబీకులు ఆ గద్దె ఎక్కకూడదని ముందే ఒప్పందం ఉండటంతో బ్రిటన్ ఒప్పుకోలేదు. చివరికి డెన్మార్క్ రాకుమారుడు జార్జ్ రాజయ్యాడు. ఫిలిప్ ఆ జార్జ్‌కే మనవడు. ఇద్దరు డ్యూక్‌ల కథా కలగలిసిపోయేది ఇక్కడే.

ఇక చిన్నవి రెండు. కేప్‌టౌన్ వెళ్లొచ్చినవాళ్లు అక్కడి ఓడరేవు ప్రాంతం వి అండ్ ఎ వాటర్‌ఫ్రంట్ అంటే విక్టోరియా-ఆల్బర్ట్ అంటారు. అది విక్టోరియా-ఆల్‌ఫ్రెడ్. 1860లో అక్కడ అలలను ఆపే అడ్డుగోడకు మొదటి రాళ్లు వేసింది ఈ పదహారేళ్ల కుర్రాడే. మనం టీలో ముంచుకునే మేరీ బిస్కెట్ పేరు కూడా ఫ్రాన్స్ రాణిది కాదు. 1874లో ఆల్‌ఫ్రెడ్ పెళ్లాడిన రష్యా చక్రవర్తి కూతురు మారియా పేరు మీద లండన్‌లోని పీక్ ఫ్రీన్స్ కంపెనీ దాన్ని తయారుచేసింది.

మీ ఇంట్లో పాత ఫొటోనో పతకమో ఉండి "డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బర్గ్" అని రాసి ఉంటే, అమ్మేముందు, పారేసేముందు వెనక వైపు కూడా తిప్పి తేదీ, ఊరు, నౌక పేరు ఏమైనా ఉన్నాయేమో చూడండి. గలాటియా అని కనిపిస్తే అది ఆల్‌ఫ్రెడ్ యాత్రల కాలానిది, అంటే 1867కీ 1871కీ మధ్యది.